జీవమ్మ విడిగా పెట్టిన ఫెర్న్

జీవమ్మ నంద్యాలలో నేను పాఠాలు చెప్పే కాలేజీ బోటనీ విభాగంలో అటెండరు. సొంతూరు ఆళ్లగడ్డ దగ్గర. మేం అడవి నుంచి తెచ్చిన మొక్కల్ని ఎండబెట్టి, అట్టలకు అంటించి, బీరువాల్లో సర్దేది ఇరవై రెండేళ్లుగా ఆవిడే. ఈ నెలాఖరుకు రిటైరవుతోంది.

2009లో ఆళ్లగడ్డ అవతల కొండవాగులో పూలు పూయని ఆకుమొక్క ఒకటి, ఫెర్న్, కోశాం. మామూలుగా దొరికే రకమేనని నేను తేల్చేశాను. జీవమ్మ ఒప్పుకోలేదు.

"ఇది వేరేదమ్మా. దీని కాడకు నూగుండాది. దానికి యాడుండాది? వేలితో పట్టి చూడండి."

"పీహెచ్‌డీ నీదా, నాదా?" అన్నాను అందరి ముందూ. నా నోరు అలాంటిది, ఏం చేస్తాం! ఆ ఫెర్న్ అంటించిన మూడు అట్టల్ని ఆమె విడిగా పెట్టుకుంది.

నిరుడు డీఎన్‌ఏ బార్‌కోడింగ్ చేయించే అవకాశం వచ్చింది. ఆకులోని డీఎన్‌ఏలో చిన్న భాగం చదివి, రెండు మొక్కలు ఒకే జాతివో కావో చెప్పే పరీక్ష. సిగ్గు విడిచి ఆ అట్టల్ని భూతద్దం కింద పెట్టాను. నూగు ఉంది! ఇన్నేళ్లూ ఆమె మాట కొట్టిపారేశానే అని నా మీద నాకే అసహ్యం వేసింది.

పచ్చి ఆకు కోసం ఇద్దరం వాగుకు వెళ్లాం. ఊట ఎండిపోయింది. ఆ ఫెర్న్ ఒక్కటీ లేదు. చివరికి అట్టల మీది ఆకులే కత్తిరించి ల్యాబుకు పంపాం.

"నేను రిటైరై పోయేలోపల తెలుస్తాదామ్మా?" అని రోజూ అడిగేది.

నిన్న తెలిసింది. మామూలు రకం పచ్చి ఆకును ల్యాబువాళ్లు చక్కగా చదివారు. జీవమ్మది చదవలేకపోయారు, డీఎన్‌ఏ పాడైపోయిందట. కోయగానే స్పిరిట్‌లో తడిపారా, తడిపితే అది ఇలాగే పాడవుతుంది అన్నారు.

తడిపాం. అడవిలో బూజు పట్టకుండా కాగితాల కట్టకు స్పిరిట్ పోసి పాలిథిన్ సంచిలో బిగించడం అప్పట్లో మా పద్ధతి. నేర్పింది నేనే. ఆ ఫెర్న్ పాడవకూడదని ఆరోజు ఆమె రెండింతలు పోసింది.

విషయం చెప్పాను.

"మీరు చెప్పినట్టే చేసినా గదమ్మా?"

"నువ్వు సరిగ్గానే చేశావు జీవమ్మా. వాగులో నీళ్లున్నప్పుడే నీ మాట వినాల్సింది. తప్పు నాది."

"అయితే రెండూ ఒకటేనని రాస్తారా?"

"రాయను."

"మరి వేరేవని?"

ఎండిన మూడు ఆకుల కాడల మీది నూగు ఒక్కటే చూపిస్తే వేరే జాతని ఎవరూ ఒప్పుకోరు. ఆ మూడు అట్టల్నీ ఆమె విడిగా పెట్టిన చోటే తిరిగి పెట్టాను.