ఐదు నిమిషాల దర్శనం

ఫిజిక్స్ పాఠం చెప్పే మనిషి అదే పాఠం చేతిలో చావుదెబ్బ తిన్న వైనం ఇది. నా ఇన్నేళ్ల డైరీల్లో ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. సైకిలుతో సహా బావిలో పడిన రోజు కూడా దీని తర్వాతే.

డెబ్బైల చివర, తిరువళ్లూరు కాలేజీలో నేను కొత్త ట్యూటరును. ఆ శుక్రవారమే బోర్డు మీద y = A sin(ωt − kx) అని రాసి, ωను kతో భాగిస్తే అల వేగం, yని కాలంతో అవకలనం చేస్తే కణం వేగం, రెండింటినీ ఒకటనుకునేవాడు గాడిద అని గంటసేపు చెప్పాను. ఆదివారానికి ఆ గాడిద నేనే అయ్యాను.

ఆర్.కె.పేటలో ఉండే మా మేనమామ తన కూతురు కమలకు తిరువళ్లూరులో ఒక బ్యాంకు గుమాస్తా సంబంధం చూశాడు. మధ్యాహ్నం లోపల వచ్చి మాట ఖాయం చేసుకోమని అబ్బాయివాళ్లు కబురు పెట్టారు. కమలంటే నాకిష్టమని చెప్పే ధైర్యం లేక, ముందురోజే వాళ్ల ఊరికి వెళ్లి, దారి చూపే నెపంతో మామకు తోడు బయలుదేరాను. దారిలో తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకుని పదకొండు గంటల రైలెక్కాలి. తీరా పోతే ఆ రోజు కృత్తిక, స్వామికి పండగ రోజు. మెట్ల నిండా కావళ్లు.

వరుసలో రెండు మెట్లు ఎక్కగానే మామకు దిగులు పట్టుకుంది. "కిందనించే దండం పెట్టుకొని పోదాం రా. రైలు తప్పితే నా మర్యాద పోతాది."

అప్పుడే వెనకనుంచి ఒక తోపు వచ్చింది. మమ్మల్ని ఒక మెట్టు నెట్టి, ముందువాళ్లను నెట్టి, తలలు ఊపుకుంటూ పై గేటు దాకా పాకింది. వాచీ చూశాను. సరిగ్గా ముప్పై సెకన్లు. ముందుజాగ్రత్త గల మనిషిని కనుక దాన్ని పదింతలు చేశాను.

"ఐదు నిమిషాలు మామా. నా మాట నమ్ము."

అరగంట తర్వాత కూడా అదే మెట్టు మీద ఉన్నాం. కిందనుంచి తోస్తే ఒక మెట్టు పైకి, పైన వాలంటీర్లు తోస్తే ఒక మెట్టు కిందికి, రోట్లో రోకలిలాగా. బయటపడదామంటే వెనక జనం గోడ కట్టినట్టు ఉన్నారు. మామ మాటిమాటికీ నా వాచీ చూసేవాడు, తర్వాత నా మొహం చూసేవాడు.

మా ముందున్న ముసలాయన కావడి భుజం మార్చుకుంటూ అన్నాడు: "తోపు పైకి పోతాది నాయనా. మనిషి యాడికి పోతాడు?"

నా గంట పాఠాన్ని ఆయన రెండు ముక్కల్లో ముగించాడు. జేబు డైరీ తీసి రాసుకున్నాను: అల వేగం అమోఘం. కణం, అనగా మామ, సగటు వేగం సున్నా.

పదకొండు గంటల రైలు కూత కొండ మీదికి ఎంత స్పష్టంగా వినిపిస్తుందో ఆ రోజే తెలిసింది. మేము తిరువళ్లూరు చేరేసరికి సాయంత్రమైంది. మాటంటే లెక్కలేని ఇంటి పిల్ల మాకు వద్దని గుమాస్తా ఇంటివాళ్లు మమ్మల్ని వాకిట్లోంచే పంపేశారు.

మళ్లీ స్టేషనుకొచ్చాం. నేను చేతులు కట్టుకుని, అలకూ కణానికీ తేడా మరిచి లెక్క తప్పానని మొత్తం విన్నవించుకున్నాను.

"చాల్లేరా," అన్నాడు మామ బెంచీ మీద కూలబడి. "ఎమ్మెస్సీ చదివినోడు ఇంత తప్పు చేస్తాడా? కమల మీద మనసుండాదని ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదా. దానికి నన్ను పొద్దంతా మెట్ల మీద నిలబెట్టాల్నా?"

ఎమ్మెస్సీ పరువా, కమలా అని ఒక్క క్షణం ఆలోచించి, తప్పు దొరికిపోయినవాడిలా తల వంచుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక, తై నెలలో మా పెళ్లయింది. తనకోసం నేను ఎంత ఎత్తు వేశానో అని కమల నేటికీ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెబుతుంది. ఆమె చదివింది తమిళ బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడుతుందే కానీ చదవడం రాదు.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ వరుసలోనూ నిలబడి వాచీ చూడను. ఈ సంగతి తమిళంలో రాయను.