కరుణ కుడిచెయ్యి

దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. పైగా డెబ్భైల చివర్లో అమలాపురంలో సైకాలజీ పాఠాలు చెబుతూ, నమ్మేవాళ్లను ఆటపట్టించినవాణ్ణి. మనిషిని పట్టేది దయ్యం కాదు, మరిచిపోయాననుకున్న బాధ. దాన్ని నోటితో చెప్పిస్తే వదులుతుంది. మనోవిశ్లేషణ పుస్తకాల్లో ఉన్నది అదే. మా ఫిజిక్సు లెక్చరరు మాత్రం, "ఇది సైన్సంటారా, సోదంటారా అండీ?" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆ వేసవిలో మా పిన్ని కూతురు కరుణకి కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి పడిపోయింది. తను బడిపంతులమ్మ, కొత్త ఉద్యోగం. జూన్‌లో సుద్దముక్క పట్టుకోలేకపోతే ఆ ఉద్యోగం ఉండదు. కాకినాడ డాక్టర్లు నరాలన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఏదో సోకిందని చుట్టుపక్కలవాళ్లు అంటే, పాస్టరుగారు ఉపవాస ప్రార్థన పెట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు లోపల సంబరంగా ఉంది. పుస్తకంలో కేసు నడుచుకుంటూ మా ఇంటికే వచ్చింది.

సెలవులివ్వగానే రాజోలు వెళ్లి పిన్ని ఇంట్లో దిగాను. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిగదిలో మడతమంచం మీద కరుణను పడుకోబెట్టేవాణ్ణి. తలవైపు, తనకి కనబడకుండా నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. మనసులోకి ఏదొస్తే అది తను చెప్పాలి, నేను నోరెత్తకూడదు. పిన్ని గుమ్మం దగ్గరే తచ్చాడేది.

"సినిమాల్లో తలమీద దెబ్బ తగిల్తే అన్నీ గుర్తొచ్చేత్తాయి కదరా. మెల్లిగా ఓటి వేసి చూడకూడదా?" అంది ఓ రోజు.

ఒక్క నియమం మాత్రం దాటేశాను. ఇలా వినేవాడు ముందు తన మనసు ఇంకొకరి దగ్గర విప్పుకోవాలట. కోనసీమలో నా మనసు వినేదెవరు? అయినా నాకేం జబ్బు అనుకున్నాను.

పదిరోజులు బడి కబుర్లే చెప్పింది. పదకొండో రోజు అదే గొంతుతో నింపాదిగా మొదలుపెట్టింది.

"కాలవ రేవు. మెట్లు పాకుడు పట్టున్నాయి. తమ్ముడు జారేడు. నా మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేతిలో జామకాయుంది. అది పడేసి వాణ్ణి లాగొచ్చు. పడెయ్యలేదు. చెయ్యి విదిలించేసేను."

కరుణకి తమ్ముళ్లు లేరు. నాకుండేవాడు. నా ఎనిమిదో ఏట కాలవలో పోయాడు. అప్పటికి కరుణ పుట్టనేలేదు. వాడు కాలుజారి పడ్డాడనే ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడున్నది నేనొక్కణ్ణే. జామకాయ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం కాదు, నాకే గుర్తులేదు. కరుణ చెబుతుంటే ఆ కాయ వగరు నా నాలుక మీదికి వచ్చింది.

లేచి పారిపోదామనిపించింది. అంతలో మంచం మీంచి ఆ కుడిచెయ్యి వెనక్కి లేచింది. రెండు నెలలుగా కదలని చెయ్యి, తడుముకోకుండా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఎముక నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. ఈసారి నేను విదిలించుకోలేదు.

"అదేంటన్నయ్యా, ఏడుత్తున్నావు?" అంటూ కరుణ లేచి కూర్చుంది. తనేం చెప్పిందో తనకి తెలియదు. పిన్ని పరుగెత్తుకొచ్చి, కదులుతున్న ఆ వేళ్లను చూసి, ప్రభువుకి స్తోత్రం చెప్పింది. జూన్‌లో కరుణ బడికి వెళ్లింది.

నేను ఇంటికెళ్లి మా అమ్మకి అంతా చెప్పేశాను. వాణ్ణి రేవుకి పంపింది తానేనని అన్నేళ్లూ కుమిలిపోయిన మనిషి. నా చెయ్యి ఒళ్లోకి తీసుకుని, "ఎనిమిదేళ్ల పిల్లోడివిరా నువ్వప్పుడు" అంది.

మనసు లోతుల గురించి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. నాలో మునిగిపోయింది కరుణ నోట ఎలా తేలిందో మాత్రం ఇవాళ్టికీ నాకు తెలియదు. తలుచుకున్నప్పుడల్లా మోకాళ్ల మీద కూర్చోవాలనిపిస్తుంది, ఎవరి ముందో తెలియదు.