సమారు ఇంటికి దారి

పద్దెనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు పక్కవాడికి కూడా తెలియనివ్వలేదు. భార్యకు చెప్పలేదు. దేవుడికీ సరిగ్గా చెప్పలేదు; దండం పెట్టుకునేటప్పుడు ఆ సంగతి దగ్గర పడగానే చటుక్కున కళ్ళు తెరిచేసేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది. కాస్త ఓపిక పట్టండి. సూటిగా చెప్పడం నాకింకా చేతకావడం లేదు.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్ళైన కొత్తలోనే రాయపూర్ వచ్చి రైల్వేలో కుదురుకున్నాను. ఆ రోజుల్లో మన వైపు నుంచి ఎవడైనా కొత్తగా ఇక్కడ దిగితే, క్వార్టరు సంగతి పెద్ద గుమాస్తా చూసేవాడు, ఉప్పూ పప్పూ గుఢియారీ బజారు చూసేది, చుక్క సంగతి నేను చూసేవాణ్ణి. నవ్వకండి. అదొక హోదా. మా జీతాలకి సీమ బ్రాందీ ఆమడ దూరం. మన కల్లు ఇక్కడ దొరకదు. దొరికేది ఇప్పసారా. అది ఎక్కడ చవక, ఎక్కడ మంచిది, ఎక్కడ తాగితే మర్నాడు తల పగలదు, ఇవన్నీ నా కాళ్ళతో తిరిగి తెలుసుకున్నాను. స్టేషన్ వెనక సర్కారు దుకాణంలో నీళ్ళు కలుపుతారు. గుఢియారీ దుకాణంలో నీళ్ళు కలపరు గాని, తాగేవాళ్ళు తగాదాలు కలుపుకుంటారు. బూఢా తాలాబ్ పక్కన ఒక ముసలమ్మ దగ్గర సరుకు బాగుంటుంది గాని, నంజుకోవడానికి ఎండుచేప ముక్క పెట్టడానికి కూడా ఆవిడకు చేతులు రావు. ఎవరికి ఏది నప్పుతుందో చూసి దారి చెప్పేవాణ్ణి. దారి చెప్పడం నాకు ఇష్టం. నా మాట పట్టుకుని ఒకడు వెళ్ళి, మర్నాడు వచ్చి "భలే చోటు చెప్పావు" అంటే ఆ పూటంతా ఛాతీ ఉబ్బేది.

నేను కనిపెట్టినవాటిలో మేలైనది సమారు గుడిసె. ఊరికి తూర్పున తెలీబాంధా చెరువు ఉంది. అప్పట్లో అక్కడ ఊరే లేదు. చెరువు అవతలి గట్టున, తుంగ దాటాక, ఒక్కటే గుడిసె. ముందు చాప మీద ఇప్పపువ్వు ఎండుతుండేది. వెనక కుండ మీద కుండ, వాటి మధ్యనుంచి వెదురు గొట్టం. లైసెన్సు లేదని వేరే చెప్పాలా. అందుకే చవక. ముసలాయన సమారు, ఆయన భార్య, ఇద్దరే. మోదుగాకు దొప్పల్లో పోసి, పక్కన వేయించిన శనగలు పెట్టేవారు. మాది రాత్రి డ్యూటీ. లోకం పళ్ళు తోముకునే వేళ మాకు సాయంత్రం. డ్యూటీ దిగి, నడిచి అక్కడికి చేరేసరికి చెరువు మీద ఎండ పడుతుండేది. కొంగలుండేవి. ఎవరూ గొడవపడేవారు కాదు. ఆ గట్టు మీద నేను అనుభవించిన ప్రశాంతత ఇంకెక్కడా ఎరగను. ఇది రాస్తుంటే ఆ శనగల వాసన తగులుతోంది నాకు.

కంచెకి ఒక పాత చేట వేలాడుతుండేది. అది తిరగేసి ఉంటే ఆ పూట కుండ పొయ్యి మీద ఉన్నట్టు. మామూలుగా ఉంటే ఏమీ లేనట్టు, వెనక్కి పోవాలి. ఈ గుర్తు తెలిసినవాళ్ళం అయిదారుగురం. చేట సంగతి మరిచిపోకండి.

అక్కడికి నాతో మొదట వచ్చినవాడు నరసయ్య. షంటింగ్ ఇంజిన్ మీద ఫైర్‌మేన్. మా పక్క ఊరివాడే. వరసకేమీ కాకపోయినా నన్ను "బావా" అనేవాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పొయ్యిలో బొగ్గు వేస్తున్నంతసేపూ మాట్లాడతాడు, నిద్రలోనూ మాట్లాడతాడని వాడి భార్య పైడమ్మ మొత్తుకునేది. వాడికి ఛత్తీస్‌గఢీ రాదు. సమారుకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవారు. ఏం అర్థమయ్యేదో వాళ్ళకే తెలియాలి.

ఒక ఏడాది నరసయ్య పాసు మీద భార్యను పూరీ తీసుకెళ్ళి వచ్చాడు. వస్తూ జగన్నాథుడి ప్రసాదం, ఎండబెట్టిన అన్నం మెతుకులు, గుడ్డలో కట్టి తెచ్చాడు. సమారుకి పూరీ వెళ్ళాలని జన్మంతా కోరిక. వెళ్ళలేకపోయాడు. ఆ మూట చూడగానే ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఇక్కడివాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఆ మెతుకులు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే జన్మకంతా చుట్టాలైపోతారు. ఆ తరువాత ఒకరి పేరు ఒకరు నోటితో పలకరు. "మహాప్రసాద్" అనే పిలుచుకుంటారు. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు నేస్తం కట్టినట్టే. ఆ ఉదయం చెరువుగట్టు మీద వాళ్ళిద్దరూ అలా చుట్టాలయ్యారు. సమారు భార్య పాట పాడింది. నేను దొప్ప పట్టుకుని పక్కన నిలబడి చూశాను.

చోటు కనిపెట్టింది నేను. వాణ్ణి తీసుకొచ్చింది నేను. ఆ మాట ఎవరూ అనలేదు.

ఏం తక్కువైంది నాకు? సమారు ఎప్పటిలాగే నన్ను "బాబూజీ" అనేవాడు, మర్యాదగా, చేతులు జోడించి. ఆ మర్యాదే నన్ను కాల్చింది. ఒకరోజు ఒక్కణ్ణే వెళ్ళాను. అప్పుడే సరుకు దిగుతోంది. మొదట దిగిన ధార ఘాటుగా ఉంటుంది, దానికోసం ముందు వచ్చినవాడు దొప్ప పట్టడం వాడుక. పట్టాను. సమారు నవ్వి, నా దొప్ప మెల్లగా పక్కకు జరిపి, చిన్న ముంతలో ఆ ధార పట్టి మూత పెట్టాడు. "అది మహాప్రసాద్‌కి బాబూజీ" అన్నాడు. అంతే. అంత చిన్న విషయం. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆ ముంతనే తలుచుకున్నాను. యాభై దాటిన ఈ వయసులో చెబుతుంటే సిగ్గేస్తోంది. అసూయకు పెద్ద కారణాలు అక్కర్లేదు.

నాలుగు రోజుల తరువాత స్టేషన్ బయట వేపచెట్టు కింద మంగలి ముందు కూర్చున్నాను. పక్కన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. మామూలు ధోవతి, మామూలు చొక్కా. కాళ్ళకు మాత్రం మిలమిల మెరిసే నల్ల బూట్లు. ధోవతి కింద అలాంటి బూట్లు వేసుకునేది ఆబ్కారీ వాళ్ళే. ఇప్పసారా తాగే ప్రతివాడికీ ఆ బూట్లు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, కొత్తవాళ్ళకు ఆ బూట్ల సంగతి చెప్పి జాగ్రత్త పడమనేది నేనే గనక.

"భాయీ, ఇక్కడ చవగ్గా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?" అని హిందీలో అడిగాడు.

చెప్పాను.

అందరికీ చెప్పినట్టే చెప్పాను. తెలీబాంధా, అవతలి గట్టు, తుంగ దాటాక. చేట సంగతి ఆయన అడగలేదు. అదీ నేనే చెప్పాను. ఆయన నాకొక బీడీ ఇచ్చాడు. నేను కాల్చాను.

ఎన్నో ఏళ్ళు నాకు నేను ఒకటే చెప్పుకున్నాను: అడిగితే చెప్పాను, దారి చెప్పడం నా అలవాటు, ఆ బూట్లు నేను సరిగ్గా చూడలేదు. ఈ అబద్ధం బాగానే నిలబడేది, ఒక్క విషయం లేకపోతే. మర్నాడు డ్యూటీ దిగగానే నరసయ్య ఎప్పటిలాగే చెరువు వైపు బయల్దేరాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని, "ఈ పూట వద్దులేరా, నాకు కాళ్ళు పీకుతున్నాయి" అన్నాను. ఆ మర్నాడూ అన్నాను. తెలియనివాణ్ణి అయితే ఎందుకు ఆపుతాను?

ఆ రెండో ఉదయమే చేట తిరగేసి ఉంది. వాళ్ళు వచ్చారు. కుండలు పగలగొట్టారు. ఇప్పపువ్వంతా చెరువులో పారబోశారు. సమారుని ఆరు నెలలు జైల్లో పెట్టారు. ఆయన భార్య ఉన్న నాలుగు గుడ్డలూ మూట కట్టుకుని పుట్టింటివాళ్ళ దగ్గరకు, తిల్దా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నరసయ్య మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే కూలబడ్డాడు.

"బావా, నానే సెప్పీసినాను. మొన్న ఇజీనారం నుంచి కొత్తగా వచ్చిన ఫైర్‌మేన్ నేడా, ఆడికి దారి సెప్పీసినాను. సేట సంగతి కూడా వాగీసినాను. ఆడెక్కడో నోరు జారుంటాడు. నా మహాప్రసాద్‌ని నానే జైల్లో ఎట్టించినాను. నా వల్లే గదా బావా? నువ్వు సెప్పు, నా వల్లే గదా?"

వాడు నా ముఖంలోకి చూస్తూ అడిగాడు. కాదని ఒక్క మాట అంటే చాలు. కాదంటే, మరి ఎవరు అని అడుగుతాడు.

"అయిపోయిందేదో అయిపోయింది" అన్నాను. "కాలు జారితే తీసుకోగలంరా, నోరు జారితే తీసుకోలేం. ఇకనైనా నోరు అదుపులో పెట్టుకో."

ఆ సామెత నా నోటినుంచే వచ్చింది. సమారు గురించి చెప్పింది ఒక తప్పు. ఇది రెండోది. రెంటిలో ఇదే పెద్దది.

నరసయ్య నా మాట విన్నాడు. నోరు అదుపులో పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి వాడు మాట్లాడటమే తగ్గిపోయింది. ఇంజిన్ మీద వాడితో పనిచేసేవాళ్ళు వాడికి ఒంట్లో బాగాలేదేమో అని నన్ను అడిగేవారు. తాగుడు పూర్తిగా మానేశాడు. పైడమ్మ ఒకరోజు గిన్నెనిండా బూరెలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, మీరేం సెప్పినారో గాని, ఆయన సుక్క ముట్టడం మానీసినారు. మీ రుణం తీర్చుకోలేను" అని కళ్ళు తుడుచుకుంది. ఆ బూరెలు తిన్నాను. బాగున్నాయి అని కూడా అన్నాను.

సమారు జైలు నుంచి వచ్చి తిల్దాలోనే ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. నరసయ్య మొదటిసారి ఆయన్ని చూడటానికి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడట. అంతా తానే చేశానని ఒప్పుకున్నాడట. సమారు వాణ్ణి లేపి, "తోర్ ముహ్, మోర్ ముహ్, ఏకే ఆయ్" అన్నాడట. నీ నోరూ నా నోరూ ఒకటే. జారింది మన నోరే అయినప్పుడు ఎవరిని తిట్టను మహాప్రసాద్, అని. తిరిగొచ్చి నరసయ్య ఈ మాట నాకు చెప్పాడు. ఆ రోజు వాడి ముఖంలో కాస్త వెలుగు చూశాను. చెయ్యని తప్పుకి వాడికి క్షమ దొరికింది. చేసిన నాకు దొరికే వీలే లేకుండా పోయింది. అయినా వాడు ఏటా వెళ్తూనే ఉన్నాడు, పూరీ మెతుకులు గుడ్డలో కట్టుకుని. నన్ను రమ్మని ప్రతి ఏడూ పిలిచేవాడు. ప్రతి ఏడూ నాకు డ్యూటీ ఉండేది.

ఇప్పుడు స్వరాజ్యం వచ్చింది. తెలీబాంధా వైపు ఇళ్ళు వస్తున్నాయి. నరసయ్య కిందటి నెల రిటైరయ్యాడు. నిన్న సామాను సర్దుకుని శ్రీకాకుళం బండి ఎక్కాడు. ప్లాట్‌ఫారం మీద నా చేతిలో చిన్న గుడ్డమూట పెట్టాడు.

"బావా, ఇంక నాను రాలేను. ఈ ఏడాది నా బదులు నువ్వెళ్ళు. నా మహాప్రసాద్‌కి సూపు ఆనడం లేదు. మెతుకులు సేతికి తగిల్తే సాలు, నానే వచ్చినాననుకుంటాడు."

అప్పుడు చెప్పాలనుకున్నాను. నిజంగా నోరు తెరిచాను. పద్దెనిమిదేళ్ళ మౌనాన్ని వాడికి తిరిగి ఇవ్వగలనా? ఊరికే మాట్లాడకుండా కూర్చున్నావురా, నీ తప్పేం లేదురా అని, ఆ తెల్లబడిన తలని చూస్తూ ఎలా చెప్పను? ఇదీ ఒక సాకేనా? సాకే అయ్యుంటుంది. గార్డు విజిలు వేశాడు. "జాగ్రత్తగా వెళ్ళు" అన్నాను. వాడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆ మూట ఇప్పుడు నా ముందు బల్ల మీద ఉంది. రేపు ఉదయం పాసింజరుకి తిల్దా వెళ్తున్నాను. ఈసారి నాకు డ్యూటీ లేదు. ఆ చూపులేని ముసలాయన చేతిలో ఈ మెతుకులు పెడతాను. ఆయన నా చెయ్యి పట్టుకుని "సీతారాం మహాప్రసాద్" అంటాడు. ఆ పిలుపు నాకు దక్కలేదనే కదా ఆనాడు అంత పని చేశాను. రేపు దక్కుతుంది. దానికి నేను పలకాలి. పలుకుతానో, కాదు నేను ఫలానా అని చెబుతానో ఈ రాత్రికి నాకు తెలియదు. మీకు గొప్పలు చెప్పను.

ఈ ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట ఉండాలని రాశాను. నరసయ్య ఎవరికి ఏం చెప్పినా, దానివల్ల ఏమీ కాలేదు. ఆ బూట్లు నేను చూశాను. సమారు ఇంటికి దారి చెప్పింది నేను.