శాంతికుమార్ గారి డిస్కు

కొందరికి బీపీ ఉంటుంది, కొందరికి షుగర్ ఉంటుంది. కొవ్వూరు శాంతికుమార్ గారికి డిస్కు ఉండేది. నడుములో కాదు, కారులో.

ఆయన నిడదవోలు రైల్వేస్టేషన్లో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఒక డాక్టరు గారి దగ్గర పాత కారు కొన్నారు. 2009 మోడలు. అందులో దారి చూపించే యంత్రం ఒకటుంది. ఇప్పుడు మన ఫోన్లలో వచ్చే మ్యాపులాంటిదే, కాకపోతే దాని మ్యాపంతా ఒక డీవీడీలో ఉంటుంది. డిస్కు తిరుగుతుంటే తెరమీద దారి కనిపిస్తుంది, లోపలున్న ఆడగొంతు కుడికి తిరగమనీ ఎడమకి తిరగమనీ ఇంగ్లీషులో చెబుతుంది. డిస్కు మొరాయిస్తే ‘డిస్క్ రీడ్ ఎర్రర్’ అని పడుతుంది. తెరమీద ఆ మూడు ముక్కలు పడ్డాయంటే శాంతికుమార్ గారి మొహాన చెమట పట్టిందన్నమాటే.

నా పేరు జీవరాజు. రాజమండ్రి జాంపేటలో కారు స్టీరియోల రిపేరు షాపు నాది. రెండేళ్లపాటు మంగళ, గురు, శనివారాల్లో పది కొట్టేసరికి ఆ చెమట పట్టిన మొహం నా షాపు గుమ్మంలో ఉండేది.

“జీవరాజు గారూ, ఇవాళ అస్సలు చదవడం లేదండి.”

షాపులో కూర్చున్న కస్టమరొకాయన జాలిపడ్డాడు. “ఏ క్లాసండీ?”

“రెండువేల తొమ్మిదండి.”

“అమ్మో! అప్పట్నుంచీ అదే చదువుతున్నాడా?”

“ఏం చేస్తామండి. కన్ను కూడా మసకబారిపోయింది.”

డిస్కుని చదివే లేజరు బిళ్లని మేం కన్ను అంటాం. ఆ కస్టమరుకి అదేం తెలుసు? తన స్టీరియో సంగతి మరిచిపోయి, కాకినాడలో మంచి కళ్లడాక్టరు పేరు కాగితం మీద రాసిచ్చి, “ధైర్యంగా ఉండండి” అని చెప్పి మరీ వెళ్లాడు. శాంతికుమార్ గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎవరిచ్చిన ధైర్యాన్నీ ఆయన వదులుకునేవారు కాదు.

డిస్కు తుడిచే పద్ధతి మొదట ఆయనకి చెప్పింది నేనే. మధ్యనుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. అంతే నేను చెప్పింది. మిగతాదంతా ఆయన కనిపెట్టారు. ఫ్యాను ఆపాలి. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్కతోనే తుడవాలి. డిస్కు బయట ఉన్నంతసేపూ షాపులో ఎవరూ మాట్లాడకూడదు, తుంపర పడుతుంది. ఒకసారి నాకు జలుబు చేస్తే నా షాపులోంచి నన్నే రోడ్డు మీదికి పంపేశారు. మే నెల ఎండలో పావుగంట బయట నిలబడి, అద్దంలోంచి నా కుర్చీలో ఆయన్ని చూసుకున్నాను.

ఆ మే నెలలోనే ఒక ఆదివారం ఆయన తమ లూథరన్ చర్చిలో ప్రార్థన విన్నపాల చీటీ రాసిచ్చారు. పాస్టరు గారు దాన్ని గట్టిగా చదివారు: “సహోదరుడు శాంతికుమార్ గారి డిస్కు సమస్య నిమిత్తం.” సంఘమంతా కళ్లు మూసుకుని ఆయన వెన్నుపూస కోసం అయిదు నిమిషాలు ప్రార్థించింది. బయటికొచ్చాక ఇద్దరు పెద్దావిడలు ఆయన్ని చెక్కబల్ల మీద పడుకోమన్నారు. ఒకావిడ నూనె సీసా పంపించింది.

“మీరు చెప్పలేకపోయారా, అది కారుదని?” అన్నాను.

“చెబుదామనే అనుకున్నానండి. అప్పటికే ఆమెన్ అనేశారు.”

ఇవన్నీ ఒకెత్తు, వంతెన ఒకెత్తు. కొవ్వూరునుంచి రాజమండ్రికి ఆయన నాలుగో వంతెన మీదుగా వస్తారు. ఆ వంతెన కట్టింది డిస్కు తయారైన చాలా ఏళ్లకి. దానికి ఆ వంతెన తెలీదు. ఒకసారి యంత్రాన్ని పరీక్షించడానికి ఆయన పక్కన కూర్చుని వెళ్లాను. వంతెన ఎక్కామో లేదో తెరంతా నీలంగా మారింది. ఆ నీలం మధ్యలో మా కారు బాణం గుర్తు మెల్లిగా ఈదుతోంది. ఆడగొంతు వెనక్కి తిరగమని మొత్తుకుంటోంది.

“గోదాట్లో ఉన్నామండి,” అన్నారు శాంతికుమార్ గారు, రెండు చేతులతో స్టీరింగు బిగించి.

“వంతెన మీద ఉన్నామండి. ముందుకి చూడండి.”

“చూస్తున్నానండి. కానీ తెరమీద...”

“ఆ తెర మీద గుడ్డ కప్పేయండి!”

“అమ్మమ్మ! అప్పుడు ఎక్కడున్నామో ఎలా తెలుస్తుందండీ?”

ఇది పనిచేసే వ్యవహారం కాదని ఎన్నిసార్లు చెప్పానో. “కొత్త సెట్టు పెట్టించుకోండి. లేదా ఫోన్లో చూసుకోండి. ఇంటినుంచి ఇక్కడికి రావడానికి అసలు మ్యాపెందుకండీ?” ఆయన వినేవారు కాదు. నేను యంత్రం విప్పుతుంటే ఎదురుగా స్టూలు మీద కూర్చుని అయిదు నిమిషాలకోసారి గోడ గడియారం, రెండు నిమిషాలకోసారి ఫోనూ చూసేవారు. ఫోను మోగితే స్టూలుతో సహా లేచేవారు. టీ తెప్పిస్తే చల్లారిపోయేది.

“ఏసీ మరీ ఎక్కువైతే చలేస్తుందేమోనండి,” అనేవారు ఉన్నట్టుండి.

“డిస్కుకా?”

“ఆఁ... డిస్కుకే.”

ఇంకోరోజు, “బీపీ పడిపోతే కష్టమండి.”

“డిస్కుకి బీపీ ఏంటండీ?”

“అదేనండి... వోల్టేజీ.”

రెండు కాబోతుంటే యంత్రం సగం విప్పి ఉన్నా సరే, “బిగించేయండి, మళ్లీ వస్తాను” అని వెళ్లిపోయేవారు. చేసిన రిపేరు నిలవడంలేదని నాకు అవమానంగా ఉండేది. ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. ఈ ఒక్క కారు నా పరువు తీసేస్తోందనిపించింది.

అందుకే పట్టుదలకి పోయాను. యానాంలో ఒకాయన అదే మోడలు కారుని తుక్కుకి వేస్తున్నాడని తెలిసి, స్వయంగా వెళ్లి దాని యంత్రంలోంచి కన్ను పీకి తెచ్చాను. ఒక మంగళవారం ఆయన గడియారం చూసుకుంటూ ఉండగా దాన్ని బిగించాను. డిస్కు పెట్టగానే ఆరు సెకన్లలో మ్యాపు వచ్చింది. పదిసార్లు తీసి పదిసార్లు పెట్టాను. పదిసార్లూ వచ్చింది. శాంతికుమార్ గారు సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహం వెలవెలబోయింది.

“మరీ ఇంత బాగానా అండి?” అన్నారు.

“రండి, ఒక రౌండు వేద్దాం. నేనూ వస్తాను.”

“వద్దండి, మీకెందుకు శ్రమ...” అంటూనే ఉన్నారు. నేను వెనక సీట్లో ఎక్కేశాను. కారు రెండు వీధులు తిరిగి ఒక ఆసుపత్రి గేటు దగ్గర ఆగింది. చేతిలో గుడ్డసంచితో, ముంజేతికి దూదీ ప్లాస్టరుతో ఒక పెద్దావిడ మెల్లగా వచ్చి ముందు సీట్లో కూర్చుంది. “మా పక్కింటి రత్నమాణిక్యం గారండి, టైలరింగు టీచరుగా చేశారు,” అని నసిగారాయన. ఆ ప్లాస్టరు నేను చూశాను, కానీ పట్టించుకోలేదు. నా ధ్యాసంతా నేను వేసిన కన్ను మీదే ఉంది.

“ఇవాళైనా ఈ దారి చూపించే యంత్రానికి దొరికాయా ఉపగ్రహాలు?” అందావిడ. “నాలుగ్గంటలు ఎండలో కారు నిలబెడితే గానీ దొరకవంటారు ఈయన.”

నాలుగ్గంటలు! నాకు రోషం వచ్చింది. “నాలుగు నిమిషాలు చాలండి. ఇప్పుడు బండి ఫుల్ కండిషన్. ఇంకో పదేళ్లు చూడక్కర్లేదు. టెస్టింగులూ అక్కర్లేదు, ఎవరూ తోడు రానక్కర్లేదు!”

శాంతికుమార్ గారు నడిరోడ్డు మీద బ్రేకు వేశారు. వెనక ఆటోవాడు తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

“అయితే మంచిదే,” అంది రత్నమాణిక్యం గారు. “పాపం ఈయనకి భయం తీరింది. ఇంక నా అవసరం లేదు.”

అద్దంలో ఆయన కళ్లు నా వైపు చూశాయి. కోపంగా కాదు, బెదిరిపోయినట్టు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

గురువారం ఆయన రాలేదు. నా రిపేరు గెలిచిందని కాలు మీద కాలేసుకుని టీ తాగాను. శనివారం ఎనిమిదింటికి, ఇంకా షట్టరు ఎత్తుతుండగానే, గెడ్డం మాసి, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో పెట్టుకుని వచ్చారు.

“జీవరాజు గారూ, దాన్ని పాడు చెయ్యండి.”

“ఏంటండీ?”

“పూర్తిగా కాదండి. కొంచెం. ఎప్పటిలా.”

అప్పుడు చెప్పారు. రత్నమాణిక్యం గారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడురోజులు, రోజుకి నాలుగ్గంటలు డయాలసిస్. భర్త లేరు, పిల్లలు లేరు. ఒకరి సాయం తీసుకోవడమంటే ఆవిడకి ప్రాణం మీదికొచ్చినట్టే. మొదటిసారి ఈయన “నేను దింపుతానండి” అంటే, “నాకు కాళ్లున్నాయి” అని గేటు వేసేసుకుంది. మర్నాడు ఈయన మళ్లీ వెళ్లి, “నా కారులో యంత్రం వంతెన దగ్గర గోదారి చూపిస్తోందండి, ఒక్కడినే నడపాలంటే భయంగా ఉంది, కాస్త పక్కన కూర్చుని వంతెన ఉందని చెబుతారా?” అన్నారట. ఆవిడ చెప్పులేసుకుని వచ్చేసిందట.

“గురువారం బస్సులో వెళ్లారండి. వచ్చేటప్పుడు బస్టాండులో కళ్లు తిరిగి కూలబడిపోయారు. ఎవరో మంచినీళ్లిచ్చి ఆటో ఎక్కించారు. ఇవాళ అసలు వెళ్లనంటున్నారు. ఒక్కరోజు మానేస్తే ఏమవుతుందిలే అంటున్నారు. ఏమవుతుందో డాక్టరు గారు నాకు చెప్పారండి.” ఆయన లోపలి గోడ గడియారం వంక చూశారు. “పదింటికల్లా అక్కడుండాలి.”

రెండేళ్లుగా నా గడియారం వంక ఆయన ఎందుకు చూశారో, ఎవరికి చలేస్తుందని కంగారుపడ్డారో అప్పుడు నాకు తెలిసింది. ఎత్తిన షట్టరు మళ్లీ దించేశాను.

కొవ్వూరులో రత్నమాణిక్యం గారు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నారు. మొహం ఉబ్బింది. మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది.

“అమ్మా, యంత్రం మళ్లీ పాడైందండి,” అన్నాను.

“పదేళ్లు చూడక్కర్లేదన్నావు?”

“అన్నానండి.”

“నాలుగురోజులే అయింది.”

“ఆయ్. అవునండి.”

“నా దగ్గర నేర్చుకున్న పిల్లలు కుట్టిన చొక్కా చిరిగిపోతుంది గానీ గుండీ ఊడదు. నువ్వు పెట్టిన కన్ను నాలుగురోజులాగలేదా? ఎన్నేళ్లయింది నీ సర్వీసు?”

“ఇరవై రెండండి.”

“చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. పెద్దాయన్ని ఇలా ఇబ్బంది పెడతావా?”

శాంతికుమార్ గారు నా వెనక నిలబడి ఊపిరి బిగబట్టారు. నా ఇరవై రెండేళ్ల పరువు ఒక్కసారి గొంతులో అడ్డం పడింది. మింగేశాను.

“చేతకాలేదండి,” అన్నాను. “కొత్త కన్ను దారికి అలవాటు పడాలండి. వారానికి మూడుసార్లు తిప్పాలి. తెర చూడ్డానికి పక్కన మనిషి ఉండాలి. ఈయనొక్కరే వెళితే వంతెన మధ్యలో ఆపేస్తారేమోనని నాకు భయంగా ఉంది.”

“ఎన్నాళ్లు తిప్పాలి?”

“అది... చెప్పలేమండి. నాకు చేతకాదు కదండీ.”

ఆవిడ ఆయన వైపు చూసింది. గెడ్డం, చెమట, తప్పు కాజాలో గుండీ. ఆయన నటించనక్కర్లేకపోయింది.

“ఎలా అయిపోయారో చూడు మనిషి,” అని గోడ పట్టుకుని లేచింది. “సంచి అందుకో. పదింటికి అక్కడుండాలి నేను.”

ఆరోజు నాలుగ్గంటలూ ఆసుపత్రి బల్ల మీద ఆయన పక్కనే కూర్చున్నాను. రెండు నిమిషాలకోసారి ఫోను చూసుకున్నది ఈసారి మేమిద్దరం. రెండింటికి ఆవిడ నడుచుకుంటూ బయటికొచ్చింది, ఉబ్బు తగ్గిన మొహంతో, నర్సుని ఏదో కసురుతూ. శాంతికుమార్ గారు గబగబా లేచి ఉపగ్రహాలు ఇప్పుడే దొరికాయని చెప్పారు.

తర్వాత నెలరోజుల్లో కొవ్వూరులో నా పేరు చెడిపోయింది. స్టీరియోకి ఆ జీవరాజు దగ్గరికి మాత్రం వెళ్లకండని రత్నమాణిక్యం గారు చెప్పని గుమ్మం లేదట. అటునుంచి రావలసిన పని తగ్గింది. మా ఆవిడ రెండురోజులు నాతో దెబ్బలాడి, మూడోరోజు సంగతంతా విని, రత్నమాణిక్యం గారికి ఉప్పు లేకుండా ఏం వండి పంపాలో డాక్టరుని కనుక్కోమంది.

మొన్న గురువారం రెండుంపావుకి ఆ కారు వచ్చి షాపు ముందు ఆగింది. కారు నిండా జనం. ముందు సీట్లో రత్నమాణిక్యం గారు. వెనక ఒక బక్కపల్చటి మనిషీ, ఒక ముసలావిడా. ముగ్గురి చేతులకీ దూదీ ప్లాస్టరూ.

“ఇదిగో, నేను చెప్పింది ఇతని గురించే,” అంది రత్నమాణిక్యం గారు వెనక్కి తిరిగి. “మంచివాడే. పని రాదు.” తర్వాత అద్దం దించి గొంతు తగ్గించింది. “ఏం చెయ్యను జీవరాజూ, ఈయనకి భయం తగ్గడం లేదు. నేనొక్కదాన్నే ఎంతకని ధైర్యం చెబుతాను? అందుకే మా వార్డులోంచి చాగల్లు గణేష్‌బాబునీ, తాళ్లపూడి శ్యామలాంబ గారినీ ఒప్పించాను. పాపం బస్సు మానుకుని మరీ వస్తున్నారు.”

“పెద్దాయన కోసం ఆమాత్రం చెయ్యకపోతే ఎలాగండి,” అన్నాడు గణేష్‌బాబు.

నేను అటు తిరిగి డ్రైవరు సీటు దగ్గరికి వెళ్లాను. శాంతికుమార్ గారి మొహాన బోలెడు చెమట. చుట్టూ చూసి, నా చెవిదాకా వంగారు.

“జీవరాజు గారూ, మంగళవారం నుంచి ఇంకో ఇద్దరొస్తామంటున్నారండి. వెనక మరో సీటు బిగించడానికి వీలవుతుందా అండి?”