నా షుగరు అందరి ఫోన్లలో

సూదిలోకి దారం ఎక్కని రోజున నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఉయ్యూరులో ఇరవై ఏళ్లకు పైగా జాకెట్లు కుడుతున్నదాన్ని. కస్టమర్లతో కబుర్లు చెబుతూ, అటు చూడకుండానే దారం ఎక్కించేసేదాన్ని. ఆ రోజు ఎన్నిసార్లు తడిపి పెట్టినా దారం పక్కకే పోయింది. సూది బెజ్జం ఒకటి రెండుగా కనిపించింది. అప్పటికే కొన్నాళ్లుగా ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం. తాగిన నీళ్లన్నీ బాత్రూమ్‌కి నడిపించడానికే సరిపోయేవి. ఒళ్లు తగ్గితే "సన్నబడ్డారే రత్నంగారూ, ఏం తింటున్నారేంటి?" అని ఆడవాళ్లు అడుగుతుంటే, నేనూ వెర్రిమొహంలా మురిసిపోయాను.

కళ్లజోడు మార్పించుకుందామని వెళ్తే కళ్ల డాక్టరు "అద్దాలు తర్వాత చూద్దాం. ముందు షుగర్ టెస్ట్ చేయించుకోండమ్మా" అన్నారు. ఫాస్టింగ్ రెండొందల ఎనభై. తిన్నాక చూస్తే నాలుగొందలు దాటింది. హెచ్‌బీఏవన్‌సీ అని మూడు నెలల సగటు చెప్పే ఇంకో టెస్టు, ఆరు దాటకూడనిది పదకొండు. మా ఆయన పనిచేసేది పంచదార ఫ్యాక్టరీలో. రిపోర్టు చూసి "ఇంట్లోనే స్టాకు పెట్టావేంటే" అన్నారు. ఆ జోకు ఇప్పటికీ వేస్తూనే ఉంటారు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఏడాదిపాటు టాబ్లెట్లతో నెట్టుకొచ్చాను. ఆ తర్వాత వీపు మీద గడ్డ లేచింది. మానలేదు. విజయవాడ తీసుకెళ్లి కోయించారు. "ఇక టాబ్లెట్లతో లాభం లేదమ్మా, ఇన్సులిన్ మొదలుపెడదాం" అన్నారు షుగర్ డాక్టరుగారు. తినబోయే ముందు పెన్నులాంటి సూదితో పొట్టలో పొడుచుకోవాలి. సూదులతో బతికేదాన్ని, దానికి భయపడలేదు. నన్ను ఏడిపించింది సూది కాదు, ఫోను.

ఆ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయరు. గోడ మీద బొమ్మ స్కాన్ చేయాలి, యాప్ దించుకోవాలి, ఓటీపీ కొట్టాలి. ఓటీపీ ఏమో మా ఆయన ఫోనుకి పోతుంది. ఆయనేమో స్కూటరు పెట్టడానికి చోటు దొరక్క వీధి చివర తిరుగుతుంటారు. "ఇక్కడే నిలబడ్డాను కదమ్మా, నా పేరు రాసుకోకూడదా?" అని కౌంటరు అమ్మాయిని అడిగితే, "సిస్టమ్ తీసుకోదండీ" అంది. తల ప్రాణం తోకకొచ్చేది. తీరా లోపలికి వెళ్తే డాక్టరుగారు కంప్యూటర్ వైపు తిరిగి "ఎలా ఉన్నారమ్మా?" అని దాన్నే అడిగేవారు.

ఇన్సులిన్ మొదలెట్టిన కొత్తల్లో ఒకరోజు షాపులోనే షుగర్ పడిపోయింది. చేతులు వణికి, చెమటలు పట్టి, కత్తెర జారిపోయింది. ఎదురుగా ఉన్న కస్టమరు బ్యాగులోంచి అరటిపండు తీసి ఇచ్చింది కాబట్టి సరిపోయింది. అది చెప్పగానే డాక్టరుగారు సెన్సర్ పెట్టించుకోమన్నారు. "చేతికి చిన్న బిళ్లలాంటిది అతికిస్తామమ్మా. మాటిమాటికీ వేలు గుచ్చుకోనక్కర్లేదు. షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు మీ ఫోన్లో కనిపిస్తుంది. మీవాళ్లు కూడా వాళ్ల ఫోన్లలో చూసుకోవచ్చు."

ఆ ఆఖరి మాట దగ్గరే నేను లేచి వచ్చేయాల్సింది.

మా అమ్మాయి ప్రశాంతికి విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. తన ఫోన్లో పెట్టుకుంది. మా ఆయన పెట్టుకున్నారు. ఇబ్రహీంపట్నంలో ఉండే మా ఆడపడుచు మేరీ "నాకూ పెట్టండి, మా వదిన సంగతి నాకు తెలుసు" అని మరీ పెట్టించుకుంది. ఆ రోజు నుంచి నా ఒళ్లు నాది కాదు, ఉమ్మడి ఆస్తి. మధ్యాహ్నం ఇంకో ముద్ద అన్నం ఎక్కువ తిన్నానో లేదో బ్యాంకు నుంచి ఫోను. "అమ్మా, రెండొందల పది ఉంది. ఏం తిన్నావ్? నిజం చెప్పు." అది పెట్టేయగానే ఇబ్రహీంపట్నం. "వదినా, ఫోన్లో గీత పైకి పోతోంది. చుట్టాలొచ్చారా?" ఫ్యాక్టరీలో ఎన్ని బస్తాలు పోతున్నాయో పట్టని మా ఆయన, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే "ఎంతుంది?" అనేవారు. ఎంతుంది, ఎంతుంది, ఎంతుంది. మనిషిని పలకరించడానికి ఇంకో మాటే లేనట్టు!

అబద్ధం ఎందుకాడాలి, మంచీ జరిగింది. నాలుగు ఇడ్లీలు నా షుగర్‌ని ఎంత పైకి లేపుతాయో ఆ గీత చూశాకే తెలిసింది. తిన్నాక వీధి చివరిదాకా నడిచొస్తే దిగుతుందనీ తెలిసింది. మూడు నెలలకు హెచ్‌బీఏవన్‌సీ ఎనిమిదిలోపు వచ్చింది. కానీ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి కాసేపు నడుం వాలిస్తే చాలు, ఫోను గోల. షుగర్ యాభై అని. మా ఆయన కంగారుపడి నిద్రలో ఉన్న నా నోట్లో గ్లూకోజు నీళ్లు పోసేవారు. లేచేసరికి మూడొందలు. ఆ మూడొందలు చూసి ప్రశాంతి తిట్లు. రెండు మూడు ఆదివారాలు ఇదే భాగోతం.

డాక్టరుగారిని అడిగితే "సెన్సర్ ఉన్న చెయ్యి కిందపెట్టి పడుకుంటున్నారా? నొక్కుకుంటే తప్పుగా తక్కువ చూపిస్తుందమ్మా" అన్నారు.

"ఈ ముక్క ముందే చెప్పకూడదండీ?"

"యాప్‌లో ఉందమ్మా, హెల్ప్‌లో."

ఒళ్లు మండిపోయింది. నా మొహం చూసి ఆయనే తగ్గారు. "నా తిప్పలూ చూడండమ్మా. ఇదివరకు పేషెంటు వచ్చినప్పుడే చూసేవాణ్ణి. ఇప్పుడు అందరి గ్రాఫులూ నా ఫోనుకే. అన్నం తింటుంటే కూడా మోగుతుంది. మా ఆవిడ ఫోను ఫ్రిజ్ మీద దాచేస్తోంది." పాపం అనిపించింది. గోలలో పడింది నేనొక్కదాన్నే కాదన్నమాట.

ఈలోగా ఇంట్లో ఒక పని జరిగింది. వేలు గుచ్చి చూసుకునే పాత మిషన్ని మా ఆయన అటక మీద పడేశారు, ఇంకెందుకని. షాపులో పడిపోయినప్పటి నుంచి, షుగర్ తగ్గితే నోట్లో వేసుకుందామని నా బ్యాగులో పెట్టుకున్న చాక్లెట్లు ప్రశాంతి తీసేసింది, నేను దొంగచాటుగా తింటున్నానని. ఒకటో రెండో తిన్న మాట నిజమే. కానీ అవి అక్కడ ఉన్నది అందుక్కాదు కదా!

మేరీ కొడుకు పెళ్లి ఇబ్రహీంపట్నం చర్చిలో. ఆ పొద్దున్నే సెన్సర్ గడువు అయిపోతే ప్రశాంతి కొత్తది అతికించింది. హడావిడిలో ఒక్క ఇడ్లీ తిని బయల్దేరాం. ప్రమాణాలు అయ్యాయి, ఉంగరాలు అయ్యాయి, పాస్టరుగారు వాక్య ప్రసంగం మొదలుపెట్టారు. బయట షామియానా కింద వడ్డనకి బల్లలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. పాస్టరుగారు "చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అన్నారు. తినడానికి కాస్త ముందు ఇన్సులిన్ తీసుకోవాలి కదా. పక్కగదిలోకి వెళ్లి పొడుచుకొచ్చాను. పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్తున్నదాన్ని. ఆ "చివరిగా ఒక్క మాట" అన్నదాన్ని నమ్మానంటే, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆయన ఆదాము నుంచి మొదలుపెట్టారు. అబ్రాహాము దాకా వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. గుండె దడదడ, నాలుక మొద్దుబారింది.

"ప్రశాంతీ, నాకు తేడాగా ఉందే. పడిపోతోందేమో."

అది ఫోను చూసింది. "నూట ఇరవై ఆరమ్మా. బ్రహ్మాండంగా ఉంది."

"చేతులు చూడవే, ఎలా వణుకుతున్నాయో. చాక్లెట్ ఏదైనా ఉంటే ఇవ్వు."

"ఇప్పుడు స్వీటు తిన్నావంటే రెండొందలు దాటుతుంది. నీరసం అంతే. ఇంకాసేపట్లో భోజనాలే కదా."

ముందు వరసలో కూర్చున్న మేరీ ఈ గుసగుసలు విని వెనక్కి తిరిగింది. పెళ్లికొడుకు తల్లి, ఆ రోజు కూడా ఫోను చేతిలోనే ఉంది! స్క్రీన్ నాకు చూపించి, ఏం ఫర్వాలేదని బొటనవేలు ఎత్తింది. మగవాళ్ల వైపు నుంచి మా ఆయన కూడా తన ఫోను చూసుకుని, బాగుంది కూర్చో అని సైగ చేశారు. నా ఒళ్లు మొర్రో అంటుంటే ముగ్గురూ కలిసి ఫోను మాటే విన్నారు. జాకెట్టు చంక దగ్గర బిగుసుకుపోయిందని కస్టమరు అంటే, టేపు తీసి కొలత కరెక్టే అని చూపిస్తే ఊరుకుంటుందా? విప్పి మళ్లీ కుడతాం కదా! ఏడుపొచ్చింది నాకు. ఇంతమంది నావాళ్ల మధ్య కూర్చుని చచ్చిపోతానేమో, నూట ఇరవై ఆరు దగ్గరే పోయిందని చెప్పుకుంటారేమో అనిపించింది.

పాస్టరుగారి మొహం రెండుగా కనిపించింది, ఆనాటి సూది బెజ్జంలాగే. ఇక ఆగలేదు. లేచి, గోడ పట్టుకుని, షామియానాలోకి వెళ్లాను. "ఎక్కడికమ్మా?" అని ప్రశాంతి వెనకాలే వచ్చింది. ఎదురుగా బల్ల మీద పెళ్లి కేకు కనిపించింది. మూడంతస్తులు, పైన గులాబీలు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఇంకా కోయలేదు. నేను చేత్తోనే కింది అంతస్తు తవ్వి నోట్లో కుక్కుకున్నాను. ఒకసారి కాదు, మింగుతూ మళ్లీ మళ్లీ. క్యాటరింగ్ ఆయన "అమ్మా! అమ్మా!" అని కేకలు. ప్రశాంతి చెయ్యి పట్టుకుని లాగుతోంది. మేరీ పరుగెత్తుకొచ్చి "వదినా, నా కొడుకు పెళ్లి కేకు!" అంది. ఆ తర్వాత నేను కుర్చీలో కూలబడటం ఒక్కటే గుర్తుంది.

చర్చి పక్కనే ఉన్న చిన్న క్లినిక్‌కి మోసుకెళ్లారు. అక్కడి కుర్ర డాక్టరు ఫోను చూపించబోయిన ప్రశాంతిని "ఉండండి మేడమ్" అని ఆపి, నా వేలు గుచ్చాడు. యాభై రెండు. అదే నిమిషంలో ప్రశాంతి ఫోన్లో నూట పందొమ్మిది.

"ఏమైనా తిన్నారా?" అని అడిగాడు. నా గడ్డం మీద క్రీము చూస్తూనే.

"కేకు" అన్నాను.

"కేకు తిన్నాక యాభై రెండంటే, తినకముందు ఎంతుందో నేను చెప్పలేనండీ. అది తినకపోయుంటే మాత్రం ఇలా నాతో మాట్లాడేవారు కాదు. సెన్సర్ ఎప్పుడు పెట్టారు? ఇవాళేనా? కొత్తది మొదటి రోజు సరిగ్గా చూపించకపోవచ్చు. పైగా షుగర్ గబగబా పడిపోయేటప్పుడు అది వెనకబడి చూపిస్తుంది." అని ప్రశాంతి వైపు తిరిగి, "ఒంటికి చెమటలు పోస్తుంటే ఫోనుతో పనేంటండీ?" అన్నాడు.

ప్రశాంతి నా చెయ్యి పట్టుకుని, చల్లగా ఉందని అప్పుడు చూసింది. ఏడ్చేసింది. మేరీ తన పట్టుచీర కొంగుతో నా గడ్డం మీద క్రీము తుడిచింది.

ఇప్పుడూ సెన్సర్ వాడుతున్నాను, మానలేదు. అటక మీది మిషను కిందికి దిగి నా బ్యాగులో ఉంది, పక్కనే చాక్లెట్లు. వాటి మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. అన్నం కంచంలో పడ్డాకే ఇన్సులిన్, ఎవరు ఎన్ని చివరి మాటలు చెప్పినా సరే. పెళ్లి ఆల్బం కోసం కేకుని నేను తవ్విన వైపు వెనక్కి తిప్పి ఫొటో తీశారు. మేరీ ఆ ఫొటో చూపించినప్పుడల్లా వెనకేముందో కూడా చెబుతుంది.

ఇంట్లో షుగర్ మనిషి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఫోను ఒకటి చెప్పి ఒళ్లు ఇంకోటి చెబితే వేలు గుచ్చి చూడండి. వేలు గుచ్చే మిషను దగ్గర లేకపోతే ముందు చక్కెర నోట్లో వేయండి, వాదన తర్వాత పెట్టుకోవచ్చు. పెరిగిన షుగర్ని రేపు దించుకోవచ్చు, పోయిన మనిషిని తెచ్చుకోలేం.

మొన్న ఆదివారం నడుం వాల్చాను. చెయ్యి కింద పడినట్టుంది, షుగర్ తక్కువని ఫోను మోగింది. వెంటనే మేరీ ఫోను. "ఉండు, ఎంతుందో చూసి చెబుతా" అంటూ స్క్రీన్ వైపు చూడబోయాను.

"అది కాదు వదినా" అంది. "ఒంట్లో ఎలా ఉంది నీకు?"

సెన్సర్ పెట్టించుకున్న ఇన్నాళ్లలో ఎవరూ అడగని మాట. స్క్రీన్ చూడకుండానే జవాబు చెప్పాను.