టేపక్క గొంతు

ఆమె కుట్టుమిషన్ మీద దారపు డబ్బాకు ఆనించి ఫోను నిలబెట్టుకుంటుంది. అందులో ఒక క్రిప్టో నాణేన్ని నమ్ముకున్నవాళ్ల గ్రూపు ఉంది. ప్రొఫైల్‌లో కొలతల టేపు బొమ్మ పెట్టుకుంది కాబట్టి అక్కడందరికీ ఆమె టేపక్క. ఆ నాణేన్ని నడిపే కంపెనీ ఆమెకు జీతమేమీ ఇవ్వదు. కొత్తవాళ్లు అడిగిందే అడుగుతుంటే చొక్కా చేతులు అతుకుతూనే విసుక్కుంటుంది, జవాబు చెప్పడం మాత్రం మానదు. ధర కుప్పకూలి కంపెనీవాళ్లు నోరు మెదపని రోజుల్లో కూడా గ్రూపు చెదరలేదంటే అది చాలావరకు ఆమె చలవే.

ఒక ఉదయం పక్క గదిలోంచి మరిది వచ్చాడు.

"వదినా, ఇంత దగ్గర్లో ఉండి ఫోనులో అడగడమేంటి? కేకేస్తే నేనే వచ్చేవాణ్ని కదా."

"నేనేం అడిగాను?"

"వాలెట్ తెరిచే రహస్య పదాలు. టైప్ చేస్తుంటే మధ్యలో విసుగొచ్చింది."

"పంపావా?"

"లేదు. బద్ధకస్తుణ్ని అని రోజూ తిడతావుగా, ఇవాళ మెచ్చుకో."

ఆమె అతని ఫోను లాక్కుని చూసింది. అదే పేరు, అదే టేపు బొమ్మ. ఎవరో ఆమె వేషం కట్టి సభ్యులను ఒక్కొక్కరినే పలకరిస్తున్నారు. ఆ పదాలు చేతికందితే వాలెట్లలో దాచుకున్న నాణేలన్నీ ఊడ్చేస్తారు. వెంటనే గ్రూపులో హెచ్చరిక రాసింది. ఆ వెంటనే దొంగ కూడా గ్రూపులో అదే హెచ్చరిక పెట్టాడు. ఎవరు అసలో తేలక, కంగారుపడిన కంపెనీ ఉద్యోగి ఇద్దరినీ గ్రూపు నుంచి తీసేశాడు. దొంగకు దానివల్ల నష్టమేమీ లేదు. అతను సభ్యులకు విడివిడిగా మెసేజులు పంపుతూనే ఉన్నాడు.

"నీ ఫోన్లోంచి గ్రూపులో వాయిస్ కాల్ పెట్టు," అంది మరిదితో.

"నువ్వే అసలని ప్రమాణం చేస్తావా?"

"ప్రమాణాలెందుకు? రోజూ చెప్పేదే చెబుతా."

జనం చేరగానే అందుకుంది. "మీ బుద్ధి గడ్డి తింటోందా? నేనెప్పుడైనా మీ వెంటపడి పదాలడిగానా? మీ ఇంటి తాళాలు కూడా నాకే ఇచ్చేస్తారా?"

రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన నవ్వాడు. "అనుమానం లేదు, అక్కే. నాకు పోయినసారి పడిన చీవాట్లు ఇవే."

నవ్వులు ఆగాక ఒక నర్సు సన్నగా అంది, "అక్కా, నేను పంపేశాను."

టేపక్క గొంతు మారింది. "సరే, ఏడవకు. కొత్త వాలెట్ తెరువు తల్లీ, మిగిలినవి అందులోకి మార్చేద్దాం. నేను చెప్పింది చెప్పినట్టు నొక్కు. కంగారుపడకు, నేనిక్కడే ఉన్నా."

చొక్కా కోసం వచ్చిన మనిషి బల్ల మీద కూర్చుని తనూ వింటూ ఉండిపోయాడు. దొంగ కొన్ని నాణేలు అప్పటికే పట్టుకుపోయాడు. మిగతావి కొత్త వాలెట్‌లో పడ్డాయి.

మధ్యాహ్నానికి కంపెనీ టేపక్కను క్షమాపణతో మళ్లీ గ్రూపులో చేర్చుకుంది. ఇప్పుడు కొత్తవాళ్లకు జవాబులు చెప్పడానికి ఆ నర్సు కూడా కూర్చుంటోంది. తాను పోగొట్టుకున్న సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచదు.