ముందుపళ్ల మీద విచారణ

కరోనా తర్వాత డెంటల్ ల్యాబులు మళ్లీ పుంజుకున్న ఏడాది, జూన్‌లో, నన్ను బెంగళూరు శివారు హొసకోటె యూనిట్‌కి క్వాలిటీ మేనేజర్‌గా వేశారు. కంపెనీ ఆఫీసు సిటీలో, బెళ్ళందూరులో ఉండేది. అక్కడ కంప్యూటర్ల మీద పళ్లు గీసేవారు, హొసకోటెలో మేం తయారు చేసేవాళ్లం. గీసేవాళ్లకు ఏసీ, కాల్చేవాళ్లకు ఫ్యాను. హోదాలోనూ దాదాపు అంతే తేడా.

ముందుపంటికి వేసే క్యాప్ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి. గట్టి చట్రం మీద గ్లాస్ సిరామిక్ పొడిని తడిపి, కుంచెతో పొరలుగా పేర్చి, చిన్న ఫర్నేస్‌లో కాలుస్తారు. పొడి కరిగి నీరు కాకూడదు. రేణువులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కోవాలి. దీన్నే సింటరింగ్ అంటారు. ఆ సమయంలో వాక్యూమ్ పంపు లోపలి గాలిని లాగేస్తుంది. గాలి మిగిలితే బుడగలు నిలిచిపోతాయి, పన్ను నిగారింపు పోయి సుద్దముక్కలా కనబడుతుంది, కొరికితే బుడగ దగ్గరే పగులు మొదలవుతుంది. వేడి మరీ తొందరగా పెంచినా ఇదే గతి. పైపొర ముందే మూసుకుని గాలి లోపల చిక్కుతుంది.

ఈ పొరలు పేర్చడంలో దిట్ట మా సీనియర్ సిరామిస్టు నరసింహులు. హిందూపురం వైపు మనిషి. అతను చేసిన పన్నును అసలు పళ్ల మధ్య పెడితే డాక్టర్లే పోల్చుకోలేకపోయేవారు. అలాంటిది దసరా వెళ్లిన కొద్దిరోజులకు అతని క్యాప్‌లు తెల్లగా, మొద్దుగా రావడం మొదలైంది. డాక్టర్లు తిప్పి పంపారు. ఒకటి నిప్పట్టు, అంటే మన కారపు చెక్క, కొరికితే విరిగింది. నిప్పట్టుకు నిలవని పన్ను బెంగళూరులో ఎవరికి కావాలి?

వెంటనే రెండు పార్టీలు తయారయ్యాయి. ఫర్నేస్‌లో వేగంగా కాల్చే ప్రోగ్రాం కొనిపించింది బెళ్ళందూరులోని ఆపరేషన్స్ హెడ్. కాబట్టి తప్పు నరసింహులు చేతిదేనని ఆయన తేల్చారు. పని చేసేవాళ్లు ప్రోగ్రాందే తప్పన్నారు. మా ఓనరు వెంకటరమణప్ప గారు, కోలారు వైపు తెలుగువారు, అందరినీ కూర్చోబెట్టారు.

"ఏమప్పా నరసింహులూ, ఏమయిండాది నీ చేతికి? ఇన్నేండ్లు బాగానే ఉండె కదా!"

"చెయ్యి బాగానే ఉండాది సార్," అన్నాడు నరసింహులు.

విచారణ నాకు అప్పగించి, నా రిపోర్టులో తప్పు చేతిదని తేలితే అతన్ని ప్లాస్టర్ సెక్షన్‌కి మార్చాలని నిర్ణయించారు. అక్కడ అచ్చులు పోయడమే పని. అక్కడికి వెళ్లిన సిరామిస్టు మళ్లీ కుంచె పట్టిన దాఖలా లేదు.

ముందు, నరసింహులు ఒక్కడే వాడే ఫర్నేస్‌లో నిదానంగా కాల్చే ప్రోగ్రాం పెట్టి చూశాను. కొంచెం నయం అనిపించింది. ప్రోగ్రాం దోషమేనని యూనిట్‌లో పండగ చేసుకున్నారు. 'కొంచెం' నయమేగా, మిగతాది చెయ్యేనని బెళ్ళందూరు జవాబిచ్చింది. వాక్యూమ్ మీటరులో అంకె కాస్త తగ్గి ఉంది కానీ, అలారం మోగేంత కాదు. పంపు పాతదై ఉంటుందని రాసుకున్నాను.

ఈలోగా ఒక డీలరు డెమో కోసం అదే మోడల్ ఫర్నేస్ తెచ్చిపెట్టాడు. నరసింహులు చేతనే, అదే పొడితో, అదే వేగంతో అందులో కాల్పించాను. పన్ను గాజులా నిగనిగలాడుతూ వచ్చింది. ఒక్క దెబ్బతో చెయ్యీ నిర్దోషి, ప్రోగ్రామూ నిర్దోషి. రెండు పార్టీల్లో ఎవరికీ పెద్దగా సంతోషం కలగలేదు.

రెండు ఫర్నేసుల మూతలూ తెరిపించి పక్కపక్కన చూశాను. మూత దిగి కూర్చునే అంచు మీద, పాతదానికి మాత్రం, ఎండి గట్టిపడిన గంధం, దాని మీద కుంకుమ. ఆయుధపూజ నాడు ఓనరు గారు స్వయంగా ప్రతి మెషీన్‌కీ బొట్టు పెడతారు. ఆ ఫర్నేస్‌కి ముందుభాగమంతా స్క్రీనే. "స్క్రీన్ మీద వద్దు సార్, టచ్ పాడవుతుంది" అని ఆపరేషన్స్ హెడ్డే జాగ్రత్త చెప్పారు. ఓనరు గారు మూతెత్తించి అంచున పెట్టారు. అప్పట్నుంచి మూత పూర్తిగా మూసుకోలేదు, గాలి సన్నగా లోపలికి పోతూనే ఉంది.

అంచును రోజూ పొద్దున్నే తుడవాలని రూలు. తుడవలేదా అని నరసింహులును అడిగాను.

"రోజూ తుడస్తా మేడమ్. బొట్టు వదిలిపెట్టి చుట్టూరా తుడస్తా. సారు చేత్తో పెట్టిన దేవుని బొట్టు, నేనెట్ల తుడిచేది?"

నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో మాత్రం తేలలేదు. ప్లాస్టర్ సెక్షన్‌కి పోవడానికైనా సిద్ధపడ్డాడు కానీ, ఆ బొట్టు మీద గుడ్డ వెయ్యలేదు మనిషి. చివరికి స్పిరిట్ దూదితో నేనే తుడిచాను. తుడిచే ముందు చెప్పులు విప్పాను. మీటరు అంకె పైకెక్కింది. తర్వాతి పన్ను బాగా వచ్చింది.

రిపోర్టులో "సీల్ అంచుపై బయటి పదార్థం" అని రాశాను. ఓనరు గారు చదివి, ఏం పదార్థమమ్మా అన్నారు. గంధం సార్ అన్నాను.

"దేవుని తప్పేం లేదు కదా?"

"లేదు సార్. మూత సరిగ్గా పడలేదు, అంతే."

ఆ మాట ఆయనకు నచ్చింది. ఫైలులో మాత్రం పంపు సర్వీసు చేయించినట్టు రాసుకున్నారు. నరసింహులు కుంచె నరసింహులు దగ్గరే ఉండిపోయింది. నింద నోటిమాటగానే వేశారు కనుక, తీసేస్తున్నామని కాగితం ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. నీ తప్పు లేదని ఆ మాట నోటితోనైనా చెప్పింది నేనొక్కదాన్నే. మరుసటేడు బొట్టు ఫర్నేస్ పక్కరేకు మీదికి మారింది.

సింటరింగ్‌లో వేడి, వేగం, నిలిపే సమయం అన్నీ ముఖ్యమే. మూత సరిగ్గా మూసుకోకపోతే వాటిలో ఏదీ పన్నును కాపాడలేదు. రిటైరయ్యేదాకా ఏ ల్యాబ్‌కి తనిఖీకి వెళ్లినా, ప్రోగ్రాం సంగతి అడగకముందే మూత తెరిపించి అంచు మీద వేలు రాసి చూసేదాన్ని. రెండు చోట్ల వేలికి కుంకుమ అంటింది. ఆ రెండు చోట్లా అప్పటికే ఎవరో ఒక సిరామిస్టు మీద విచారణ నడుస్తోంది.